గొర్రెకు సెలవిచ్చిన వారం

మచ్చుకత్తి మెడ పక్కన దిగి భుజం ఎముక దగ్గర ఆగింది. రెండో దెబ్బ మణికట్టు మీద. మూడోది అవసరం లేకపోయినా వేశారు.

ఫిలోమినా వాకి ల్యాబులో బల్లకీ గోడకీ మధ్య పడి ఉంది. తెల్లకోటు తెల్లగా లేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

డిటెక్టివ్ సార్జెంట్ బెర్తా కిలాలాంగ్ గుమ్మంలో ఆగి, వెనక్కి వెళ్ళి, నోట్లోని వక్క ఉమ్మేసి వచ్చింది. ఆమె సముద్రపు ఒడ్డు మనిషి. పళ్ళు రాకముందే వక్క నమిలానని గొప్పగా చెప్పుకుంటుంది. పాపువా న్యూగినీ కొండల్లోకి బదిలీ అయి ఆరేళ్ళయింది. ఇక్కడి చలి అలవాటైంది. ఇక్కడి కత్తులు ఇంకా అలవాటు కాలేదు.

వారకొల్ మిషన్ ఆసుపత్రి ల్యాబంటే ఇదొక్క గదే. హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళకు జ్వరమొస్తే, వాళ్ళ రక్తంలో ఏ క్రిమి పెరుగుతోందో చూసి పేరు చెప్పే చోటు ఈ లోయ మొత్తానికి మరొకటి లేదు. రెండేళ్ళ కిందట ఫిలోమినా వచ్చేదాకా ఇదీ లేదు.

ఇప్పుడు మళ్ళీ లేనట్టే. క్రిములను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తలుపు ఊడబెరికారు. జెల్లీ మీద క్రిములు పెంచే లోపలి ప్లేట్లన్నీ నేల మీద వేసి తొక్కారు. నేలంతా ప్లాస్టిక్ ముక్కలు, జెల్లీ, నెత్తురు.

బల్ల చివర మాత్రం కొన్ని ప్లేట్లు వరసగా అలాగే ఉన్నాయి. కొత్తగా జెల్లీ పోసి, ఆరడానికి మూతలు ఓరగా పెట్టినవి. ఒకదాని మూత పక్కన పడి ఉంది. దాని జెల్లీలో చిన్న చిన్న సొట్టలు.

"అన్నీ పగలగొట్టినవాడు వీటినెందుకు వదిలాడు?"

"అవి ఖాళీవి సార్జెంట్. వాటిలో ఇంకా ఏ రోగి రక్తమూ వెయ్యలేదు." జవాబిచ్చినవాడు బెన్సన్ కుంబ. హెచ్ఐవీ వార్డు ఇన్‌ఛార్జ్. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఎప్పుడో రగ్బీలో విరిగిన చిటికెన వేలు చెంపకి ఆనకుండా పక్కకి నిలబడింది. "ఆ సొట్టలు పడ్డది కూడా పాడైపోయింది. అన్నీ పారేయించి, గది కడిగిస్తాను. పాపం, మా ఫిలో ఇలా..."

"ఎవరూ ఏదీ కడగొద్దు."

బెర్తా పడిపోయిన మూత తీసి ప్లేటు మీద పెట్టింది. అదేమీ తెలివితేటలతో చేసిన పని కాదు. ఇంట్లో చిలగడదుంపల గిన్నె మీద మూత లేకపోయినా ఆమె ప్రాణం ఊరుకోదు.

కత్తి తలుపు పక్కనే దొరికింది. పిడికి నారతాడు చుట్టిన మచ్చుకత్తి.

"ఎవరిదిది?"

మూలన నిలబడ్డ రెజీనా నోరు విప్పింది. ఫిలోమినా చేతి కింద పని నేర్చుకుంటున్న టెక్నీషియన్. పొద్దున్నే తలుపు తెరిచి శవాన్ని చూసింది ఆమే. "కెరెంగ అవ్వది. ఆసుపత్రి గొర్రెకి గడ్డి కోసే కత్తి. ఎప్పుడూ దొడ్డి కంచెకే వేలాడుతుంది."

అంతలో బయట అరుపులు. కానిస్టేబుల్ జోప్ పరిగెత్తుకొచ్చాడు.

"సార్జెంటమ్మా! ముసల్దాన్ని పట్టుకున్నారు. కమ్మీలు కాలుస్తున్నారు!"

*

సంత మైదానంలో పాత టైర్లు మండుతున్నాయి. కెరెంగని కాఫీ చెట్టు మొద్దుకి కట్టేశారు. వీపు మీద అప్పటికే రెండు వాతలు తేలాయి. చర్మం కాలిన వాసన మైదానమంతా ఉంది.

ఎర్రగా కాలిన కమ్మీ ఫిలోమినా అన్న పయస్ వాకి చేతిలో ఉంది. ఒళ్ళంతా చావింట పూసుకునే తెల్లమట్టి. మట్టి మీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

"చెప్పవే! నా పెళ్ళాం గుండె తిన్నావ్. నా చెల్లెల్ని నరికావ్. ఇంకెవర్ని తింటావ్?"

"నేను తినలేదయ్యా," అంది ముసలమ్మ. గొంతు గాలి పోయినట్టుంది. "ఆ పిల్లని నేనెందుకు చంపుతా?"

బెర్తా గాల్లోకి కాల్చింది. ఒక రాయి వచ్చి జోప్ నుదురు చీల్చింది. ఆమె మళ్ళీ కాల్చింది. ఈసారి పయస్ కాళ్ళ ముందు మట్టి లేచింది.

"కమ్మీ కింద పడెయ్!"

"నువ్వు తీరం దానివి. నీకు చేతబడి గురించేం తెలుసు?"

"తుపాకీ గురించి తెలుసు. పడెయ్."

పడేశాడు. కానీ దారి ఇవ్వలేదు.

గొడవంతా నెల కిందట మొదలైంది. ఆసుపత్రిలో హెచ్ఐవీ రోగులు వరసగా పోయారు. మందులు చక్కగా వేసుకుంటూ, ఒంట్లో కండ పట్టినవాళ్ళే. చిన్న నీరసానికి వచ్చి డ్రిప్ పెట్టించుకుని, చలిజ్వరంతో కొట్టుకుని పోయారు. పయస్ భార్య మూడో మనిషి. జనం సోదెగాడు తుమున్‌ని అడిగారు. వాడు అద్దంలో చూసి కెరెంగ పేరు చెప్పాడు. ఏ రోగమో తెలియని చోట ఎవరో ఒక మనిషి పేరు చెప్పేస్తారు. అదేం చిత్రమో, ఆ పేరు ఎప్పుడూ దిక్కులేని ముసలమ్మదే అవుతుంది.

కెరెంగ చేసే పని కూడా వాడికి కలిసొచ్చింది. క్రిములు బాగా పెరగాలంటే జెల్లీలో గొర్రె రక్తం కలపాలి. అందుకని ఆసుపత్రి ఒక గొర్రెని పెంచుతోంది. దాన్ని మేపేది కెరెంగ. ఫిలోమినా దాని మెడలోంచి కాస్త రక్తం తీస్తుంటే, తల పట్టుకుని నిలబడేది కెరెంగ. కంచె బయటినుంచి చూసినవాళ్ళకి కనబడింది ముసలమ్మ, నెత్తురు సీసా. అంతే చాలు.

"ఎల్లుండి చెల్లెల్ని పాతిపెడతాం," అన్నాడు పయస్. "అప్పటిదాకా ఇది నీ దగ్గరుంచుకో. ఇది కాకపోతే ఎవరో తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు. లేదంటే మట్టి వేసి నేరుగా నీ స్టేషన్‌కి వస్తాం. తగలబెట్టడానికి మాకు దాని గోడలేం అడ్డం కాదు."

ఉత్తుత్తి బెదిరింపు కాదది. స్టేషన్‌లో ఉన్న పోలీసులు ఇద్దరు. ఒకడి తల పగిలింది.

*

స్టేషన్ లాకప్‌లో రెజీనా ముసలమ్మ వీపుకి మందు రాసింది. బెర్తా ఎదురుగా నేల మీదే కూచుంది.

"అవ్వా, నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?"

"గుడిసెలోనే. దుంపలు కాల్చుకుంటున్నా."

"ఎవరైనా చూశారా?"

"నన్నెవరు చూస్తారమ్మా? గొర్రె చూసింది."

"ల్యాబుకి వెళ్ళలేదా?"

"ఈ వారం గొర్రెకి సెలవు. మొన్నటివారం రక్తం ఎక్కువ తీశాం, దానికి కాస్త నెత్తురు పట్టనీ అవ్వా, ఈసారికి ఉత్త జెల్లీతో సరిపెట్టుకుంటా అంది ఆ పిల్ల." కెరెంగ చేతులు మొహానికి అడ్డం పెట్టుకుంది. రెండు చేతుల్లోనూ చివరి రెండు వేళ్ళు సగానికే ఉన్నాయి. ఈ కొండల్లో ఆ కాలపు ఆడవాళ్ళ చేతులు చాలా వరకు అలాగే ఉంటాయి. బిడ్డ పోతే వేలు నరుక్కునేవాళ్ళు. "నా నాలుగోవాడు పోయినప్పుడు వాడికేమైందో ఎవరూ చెప్పలేదు. ఏళ్ళ తర్వాత ఈ పిల్లే పాత కాగితాలు చూసి, రోగం పేరు చెప్పింది. నీ తప్పేం లేదవ్వా అంది. అలాంటి పిల్లని నేను నరుకుతానా?"

బెర్తాకి నమ్మాలనిపించింది. కానీ కత్తి ఈవిడదే. సాక్షి గొర్రె.

తర్వాత రెజీనా వంతు.

"నీకూ ఫిలోమినాకీ పోయిన వారం గొడవైందట?"

"అయింది. చేతులు కడుక్కోకుండా ప్లేటు ముట్టుకున్నానని నా చెంప పగలగొట్టింది. దాంతో నాకు బుద్ధొచ్చింది. చంపేంత కోపం రాలేదు మేడమ్."

"చనిపోయినవాళ్ళ రక్తం పరీక్ష చేసిందా?"

"చేసింది. ఆఖరి నలుగురివీ. నిన్న మధ్యాహ్నం తెలిసిపోయింది రెజీనా, అందరిదీ ఒకటే క్రిమి అంది. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, ముందు ఇన్‌ఛార్జ్‌కి చెప్పాలి, తర్వాత నీకు చెప్తానంది. రిజల్ట్ ఏదైనా ముందు ఆయనకే చెప్పాలి. మా పద్ధతి అది."

"చెప్పిందా?"

"నేను ఐదింటికే ఇంటికెళ్ళిపోయా."

సోదెగాడు తుమున్‌ని పట్టుకోవడం తేలికే అయింది. చర్చి ఎదుట అరుస్తూనే ఉన్నాడు. ముందురోజు సాయంత్రం కూడా చీకటి పడేదాకా అక్కడే అరిచాడట. ఊరు ఊరంతా విన్నది. వాడి నోటి దురదే వాణ్ణి కాపాడింది.

"ముసలమ్మ పేరు నీకెవరు చెప్పార్రా?"

"అద్దం చెప్పింది."

బెర్తా లాఠీతో మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది.

"అబ్బా! ఆసుపత్రివాళ్ళే అనుకుంటున్నారు సార్జెంటమ్మా! ఆవిడ రక్తం పట్టుకెళ్తోందని వార్డులో అనుకుంటుంటే విన్నా!"

"వార్డులో ఎవరు?"

"అందరూ." అక్కణ్ణుంచి వాడు మళ్ళీ అద్దం సంగతే ఎత్తుకున్నాడు.

చివరిగా బెన్సన్. వార్డులోనే ఉన్నాడు. కళ్ళు వాచిపోయాయి. ఓ రోగికి పళ్ళెంలో దుంప చిదిమి తినిపిస్తున్నాడు. అతనంటే రోగులకి ప్రాణం.

"నిన్న సాయంత్రం?"

"ఇక్కడే. మాకు డ్రిప్ సీసాలు రావడం ఆగి చాలా కాలమైంది సార్జెంట్. నేనే నీళ్ళు కాచి, ఉప్పు కలిపి, పాత సీసాల్లో నింపుతాను. ఆరింటిదాకా అదే పని. తర్వాత ఇంటికెళ్ళా."

"ఫిలోమినా మీ దగ్గరికొచ్చిందా? రిజల్ట్ చెప్పిందా?"

"లేదే! చెప్పి ఉంటే ఇంత అనర్థం జరిగేదా?"

ఆ మాటలో ఎక్కడా అతుకు కనబడలేదు. బెర్తా శవాన్ని ఇంటివాళ్ళకి అప్పగించి, ల్యాబుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేసింది. మర్నాడంతా నలభై మందిని అడిగింది. ఒక్క ముక్క దొరకలేదు.

*

పాతిపెట్టే రోజు పొద్దున్నే కొండ కింద, చావుకి వేసిన ఏడుపు పందిరి నుంచి డప్పులు మొదలయ్యాయి.

బెర్తా ఆఖరిసారిగా ల్యాబు తాళం తీసింది. వెనకే రెజీనా. గదిలో చలి, కుళ్ళు వాసన. నేల మీద నెత్తురు నల్లగా గట్టిపడింది. చూసినవే మళ్ళీ చూస్తూ బల్ల చివరికి వచ్చింది.

ఖాళీ ప్లేట్ల వరసలో ఒకదాని మీద ఎర్రగా మరక.

ఈ దేశంలో ఎర్ర మరకని ఎవరూ రెండోసారి చూడరు. గోడలు, రోడ్లు, ఆసుపత్రి మెట్లు, ఎక్కడ చూసినా వక్క ఉమ్మే. బెర్తా చూపు కూడా దాన్ని దాటేసింది. దాటేసి, విసుక్కుంది.

"చూశావా? ఈ గదిలో కూడా ఎవడో ఉమ్మాడు."

"ల్యాబులో ఎవరూ వక్క నమలరు మేడమ్. ఫిలో అక్క తోలు తీసేది."

బెర్తా ఆగిపోయింది. తాళంచెవి రెండు రోజులుగా తన జేబులోనే ఉంది. ఆ ప్లేటు మీద మూత పెట్టిందీ తనే. మూతకి మరక లేదు. మరక లోపల ఉంది.

వంగి చూసింది. ఉమ్మి కాదు. సొట్టలు పడిన చోటే, జెల్లీలోంచే ఎర్రగా పెరిగింది. మూడు గుండ్రటి గుర్తులు పక్కపక్కన. నాలుగోది దూరంగా, పక్కకి ఒరిగి.

"రెజీనా, ఇదేంటి?"

రెజీనా ప్లేటు తీసుకుని వెలుగులో పెట్టింది. ఆమె మొహం పాలిపోయింది.

"వేళ్ళు మేడమ్. ఎవరో తడిచేత్తో దీన్ని ఆనుకున్నారు. ఆ తడిలో ఉన్న క్రిమి రెండు రోజుల్లో పెరిగింది. ఈ ఎరుపు... ఫిలో అక్క చెప్పింది, చనిపోయినవాళ్ళ రక్తంలో దొరికింది ఇలాంటిదేనని. ఇంక్యుబేటర్ వేడిలో తెల్లగానే ఉంటుంది. చలిలో ఎర్రబడుతుంది. తడి ఆరని పాత్రల్లో, నిలవ నీళ్ళల్లో పెరుగుతుంది."

"రక్తం కలిపిన జెల్లీ అయితే?"

"ఎరుపు మీద ఎరుపు. మనకి కనబడేది కాదు."

గొర్రెకి సెలవు. అందుకే ఈసారి ఉత్త జెల్లీ.

"పద. వార్డు వెనక్కి."

డ్రిప్ నీళ్ళ డ్రమ్ము అక్కడే, తడిగా ఉంది. మూత ఎత్తింది. పైకి శుభ్రంగానే ఉంది. కుళాయి తిప్పే చోట అంచు చుట్టూ మాత్రం పలచగా, గులాబీ రంగు జిగురు. ఎవరు చూసినా నర్సులెవరో వక్క నమిలి ముట్టుకున్నారనుకుంటారు. నెలరోజులుగా అందరూ అలాగే అనుకున్నారు.

*

ఏడుపు పందిరి కింద వందల మంది. మధ్యలో ఫిలోమినా శవపెట్టె. ఆడవాళ్ళు జుట్టు పీక్కుంటున్నారు. పెట్టెకి దగ్గరగా, ఒంటికి మట్టి పూసుకుని, అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నది బెన్సన్.

బెర్తా నడిచి వచ్చింది. ఒక పక్కన రెజీనా, చేతుల్లో గుడ్డ కప్పిన ప్లేటు. ఇంకో పక్కన జోప్ చెయ్యి పట్టుకుని కెరెంగ.

జనం లేచి నిలబడ్డారు. కత్తులు కూడా లేచాయి.

"తీసుకొచ్చావా దాన్ని?" అన్నాడు పయస్.

"నీ చెల్లెల్ని చంపినవాడి చెయ్యి తీసుకొచ్చా. ముందు చూడు. తర్వాత నరుకు."

గుడ్డ తీసింది.

"కత్తి కుడిచేత్తో వేశాడు. నీ చెల్లెలు ఊరికే చావలేదు, తోసింది. వాడు తూలి, ఎడమచెయ్యి ఈ ప్లేటు మీద ఆన్చాడు. అది ఖాళీ ప్లేటు. వాడికి ల్యాబు సంగతి తెలుసు కాబట్టే క్రిములున్న ప్లేట్లు వెతికి తొక్కాడు. ఖాళీదాన్ని వదిలేశాడు. అందులో ఏమీ లేదని నాకు వాడే చెప్పాడు. నిజమే, అప్పటికి లేదు."

డప్పులు ఆగాయి.

"చూడండి. ఇవి పూర్తి వేళ్ళు. అవ్వా, చేతులెత్తు."

కెరెంగ రెండు చేతులూ ఎత్తింది. సగానికి తెగిన వేళ్ళు అందరికీ కనబడ్డాయి. గుంపులో ముసలివాళ్ళు తల దించుకున్నారు. వాళ్ళందరికీ ఆ వేళ్ళ లెక్క తెలుసు. నలుగురు బిడ్డలు.

"ఈ ఎర్రది మీ వాళ్ళ రక్తంలో పెరిగిన క్రిమి. పయస్, నీ భార్యని చంపింది ఇదే. చేతబడి కాదు. డ్రిప్ నీళ్ళు. ఆ నీళ్ళు నింపుతూ, తడిచేత్తో లేచి వచ్చినవాడే ల్యాబుకి వచ్చాడు. దొడ్డి కంచెకున్న కత్తి తీసుకుని మరీ వచ్చాడు. నాలుగో వేలు చూడు. వంకర."

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తలలన్నీ ఒక్కసారే బెన్సన్ వైపు తిరిగాయి.

"బెన్సన్, ఎడమచెయ్యి ఇలా ఇవ్వు. పక్కన పెట్టి చూద్దాం."

బెన్సన్ ఏడుపు ఆపాడు. చెయ్యి ఇవ్వలేదు. పక్కవాడి గొడ్డలి లాక్కున్నాడు.

జోప్ అడ్డం వెళ్ళాడు. గొడ్డలి అతని మోచెయ్యిని ఎముక దాకా కోసింది. బెర్తా కాల్చింది. తొడలో గుండు దిగి, బెన్సన్ పెట్టె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేను చంపాలనుకోలేదు!" అని అరిచాడు. "సీసాలు లేవు. పంపమని ఎన్నిసార్లు అడిగానో! జనం వాంతులతో చస్తుంటే చూస్తూ ఊరుకోనా? నీళ్ళు కాచాను. ఒట్టు, కాచాను. రోజూ డ్రమ్ము కడగలేదంతే. ఫిలో వచ్చి, అందరికీ చెప్పాలి బెన్సన్ అంది. చెప్తే మీరేం చేస్తారు? నా ఒక్కణ్ణి చంపి ఊరుకుంటారా? నా పిల్లల్ని నరుకుతారు. నా తమ్ముళ్ళ పిల్లల్ని నరుకుతారు!"

"అందుకని ముసలమ్మ పేరు పుట్టించావా?" అంది బెర్తా.

"ఆవిడకెవరున్నారు?" అన్నాడు బెన్సన్. గొంతు జారిపోయింది. "ఆవిడ కోసం పగ తీర్చుకునేవాళ్ళెవరున్నారు?"

ఆ మాటకి బెర్తాకి వచ్చినంత కోపం మునుపెన్నడూ రాలేదు. రెండో గుండు వాడి నోట్లోనే కాల్చాలనిపించింది. కాల్చలేదు. తుపాకీ జనం వైపు తిప్పింది. ఇప్పుడు వాణ్ణి కాపాడాల్సింది తనే.

పయస్ మచ్చుకత్తి ఎత్తి ముందుకొచ్చాడు. అతని వెనక అతని వంశం మొత్తం.

"అడ్డు తప్పుకో సార్జెంటమ్మా."

"ఒక్కడుగు వేస్తే కాలుస్తా పయస్."

"కాల్చుకో."

అడుగు వేశాడు. ఇద్దరి మధ్యకి కెరెంగ వచ్చి, పయస్‌కి వీపు పెట్టి నిలబడింది. నిలబడలేక ఊగిపోతోంది. వీపు మీద కట్టు తడిసి పసుపు రంగు కారుతోంది. ఆ వాతలు పెట్టిన చెయ్యే కత్తి ఎత్తి ఆమె తల మీద ఉంది.

పయస్ ఆమె వీపు చూశాడు. కత్తి అలాగే ఆగింది.

"అవ్వా... తప్పుకి పరిహారం కడతా, పందులు తెస్తా. ఎన్నంటే అన్ని. నా దొడ్లోవన్నీ తోలుకొస్తా."

"పందులు నేనేం చేసుకోనయ్యా?" అంది కెరెంగ. "గొర్రె మూడ్రోజుల్నుంచి కట్టుకొయ్యకే ఉంది. గడ్డి వేసేవాళ్ళు లేరు. వంగుదామంటే నా వీపు వంగట్లేదు. అది చచ్చిపోతే ఆ గదిలో మళ్ళీ పనేం జరుగుతుంది? రేపు ఇంకెవరో జ్వరంతో పోతారు. అప్పుడు మీరు ఇంకో ముసల్దాన్ని వెతుక్కుంటారు."

రెజీనా ప్లేటు మీద మూత పెట్టి, దాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది.

పయస్ కత్తి దించి, చెల్లెలి పెట్టె దాటి, బెన్సన్ని కూడా దాటి, ఆసుపత్రి దొడ్డి వైపు నడిచాడు. కాసేపటికి కంచె అవతల గడ్డి కోస్తున్న చప్పుడు వినిపించింది.